డిస్కులో పట్టని గొంతు

తెర మీద "డిస్కులో ఖాళీ లేదు" అన్న ముక్క చూడగానే సౌండమ్మకు ముందు ఒళ్ళు మండింది. భయం ఆ తర్వాత వచ్చింది.

ఆ ముక్క చెప్పడానికి ఈ దిక్కుమాలిన కంప్యూటరుకు ఇవాళే దొరికిందా! మొన్న లిఫ్టు కంపెనీవాళ్ళ కోసం "తలుపులు మూసుకుంటున్నాయి" అని రికార్డు చేస్తున్నప్పుడు చెప్పి ఉంటే, నాలుగు తిట్లు తిట్టి, టీ తాగి, తీరిగ్గా సర్దుకునేది. ఇవాళ అద్దానికి అవతల మైకు ముందు కూర్చున్నది లిఫ్టు కంపెనీ మనిషా? తోడబుట్టిన అన్నయ్య. రేపు పొద్దున ఆయన గొంతు తీసేస్తారు.

మాటవరసకు అనడం లేదు, నిజంగానే కోసి తీసేస్తారు. స్వరపేటికలో గడ్డ ముదిరింది. ప్రాణం దక్కాలంటే దాన్ని ఉంచే వీల్లేదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. అన్నయ్య చేసే ఉద్యోగమా, బస్టాండులో అనౌన్సరు. ఇంకెవరికైనా ఈ రోగం వస్తే రోగం అనుకోవచ్చు, ఈయనకు రావడం మాత్రం పగబట్టి రావడమే. ఆయన మొహం చూసి గుర్తుపట్టేవాళ్ళు ఊళ్ళో పట్టుమని పదిమంది ఉండరు, గొంతు ఎరగనివాళ్ళు మాత్రం లేరు. ఆయన "ప్రయాణికులకు మనవి" అన్నాడంటే ఏడుస్తున్న పిల్లలు కూడా ఒక్క క్షణం ఆగేవాళ్ళు. ఇంట్లోనూ అదే గొంతు. నీళ్ళు అడిగినా బస్సు కదలబోతున్నట్టే ఉంటుందని వదిన విసుక్కునేది.

చెల్లెలికి సౌండమ్మ అని పేరు పెట్టిందీ ఆయనే. ఆమె పనే శబ్దం మరి. లిఫ్టుల్లో, ఫోనుల్లో, బ్యాంకు క్యూల్లో వినిపించే మాటలన్నీ రికార్డు చేసి ఇస్తుంది. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. మేడ మీద రెండు గదులు, మధ్యలో అద్దం. ఒక గది గోడలకు స్పాంజి అంటించి ఉంటుంది, మైకులు అందులో. రెండో గదిలో కంప్యూటరు, స్పీకర్లు, ఒక చక్రం ఊడిన కుర్చీ.

గొంతు పోయినవాళ్ళకు వాళ్ళ గొంతుతోనే మాట్లాడే ఫోను ఒకటి తయారు చేసుకోవచ్చని అన్నయ్యకు చెప్పింది ఆమే. ముందుగా పేజీలకు పేజీలు వాక్యాలు చదివి రికార్డు చేసిపెడితే చాలు. తర్వాత ఆయన ఏం టైపు చేస్తే అది ఫోను ఆయన గొంతుతోనే పలుకుతుంది. చెప్పిన రోజు నుంచి బతిమాలుతూనే ఉంది. "నేనింకా మాట్లాడుతుండగానే నా గొంతుకు ఫోటో కట్టించి గోడకు కొట్టేస్తావేంటే!" అని నవ్వేసి ఊరుకున్నాడు. వాయిదా మీద వాయిదా. చివరికి ఇవాళ, సాయంత్రం ఆసుపత్రిలో చేరాలనగా, పొద్దున్నే వచ్చి మైకు ముందు కూర్చున్నాడు.

పొద్దున కొంచెం బొంగురుగా ఉన్నా గొంతు ఆయనదే. చదివాడు. గోరువెచ్చని నీళ్ళు తాగాడు, మళ్ళీ చదివాడు. "ఎర్ర చొక్కా వేసుకున్న పెద్దమనిషి గొడుగు మర్చిపోయాడు" లాంటి అర్థంపర్థం లేని వాక్యాలు, అన్ని అక్షరాలూ వచ్చేట్టు ఎవరో కూర్చి పెట్టినవి. ఒక్కొక్కటీ బస్టాండు అంతటికీ చెబుతున్నట్టే చదివాడు. మధ్యాహ్నానికి గొంతు సన్నబడింది, ఆ తర్వాత జీరగా మారింది. ఆఖరి పేజీకి వచ్చేసరికి చెవి దగ్గర పెడితే తప్ప వినపడనంత అయిపోయింది. అద్దంలోంచి "ఇక చాలు అన్నయ్యా" అని సైగ చేసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ పేజీ కూడా పూర్తి చేసి తీరతానని మొండికేశాడు.

సరిగ్గా అప్పుడే కింద బెల్లు మోగింది. ఆసుపత్రికి బట్టల సంచి సర్దుకుని వదిన వచ్చింది. సౌండమ్మ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేసి, కిందికి వెళ్ళి తలుపు తీసి, వదినను తీసుకుని పైకి వచ్చింది. వచ్చేసరికి తెర మీద ఆ ముక్క. అద్దానికి అవతల అన్నయ్య కాగితాలు మడిచి పెట్టి, పని పూర్తయిందన్నట్టు బొటనవేలు చూపించి నవ్వుతున్నాడు. ఏదో అనబోయాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు పట్టుకుని, అయిపోయిందన్నట్టు చెయ్యి ఊపాడు.

ఇక సంగతి ఏమిటంటే, ఆ కంప్యూటరు డిస్కును ఆమె మరిది రెండు భాగాలుగా విడగొట్టి ఇచ్చాడు. సిస్టం ఉండే పార్టిషన్ చిన్నది, రికార్డింగులు దాచే పార్టిషన్ పెద్దది. పెద్దదాంట్లో ఎప్పుడూ బోలెడు ఖాళీ. కానీ రికార్డు చేసే ప్రోగ్రాముకు ఒక పాడు అలవాటుంది. సేవ్ కొట్టేదాకా గొంతునంతా ఆ చిన్నదాంట్లోనే తాత్కాలికంగా రాసుకుంటూ పోతుంది. మామూలు పనులకు అది సరిపోయేది. ఇవాళ మాత్రం అన్నయ్య గొంతు కదా అని, ఉన్న మైకులన్నీ పెట్టింది, క్వాలిటీ మీటలన్నీ చివరంటా తిప్పేసింది. ఒక్క ఊపిరి కూడా పోకూడదని ఆశ. ఆ ఆశే కొంప ముంచింది.

సేవ్ కొట్టింది. కుదరదంది. సేవ్ చెయ్యాలన్నా ముందు అక్కడే ఇంకో కాపీ తయారు చేసుకోవాలట, దానికి చోటు లేదట! తెర మధ్యలో ఒక పెట్టె వచ్చి కూర్చుంది. దాని మీద ఉన్నది ఒక్కటే బటన్, "మూసెయ్యి". మూస్తే పొద్దుట్నుంచి చదివిందంతా గంగలో కలిసినట్టే.

"కారు వచ్చే వేళయింది" అంది వదిన, సంచి కుర్చీలో పెడుతూ. "అంతా బాగా వచ్చిందా?"

"ఆఁ, వచ్చింది వదినా. సేవ్ చేస్తున్నా. కూర్చో."

అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా జారిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరిచి, కంప్యూటరుకు ఆదేశాలు టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ఎప్పుడో దింపుకున్న సాఫ్ట్‌వేర్ల మూటలు సిస్టంలో పేరుకుపోయి ఉంటాయి, వాటిని ఊడ్చేసింది. సిస్టం తనకోసం రాసుకున్న చిట్టాలు, ఆ పాత లాగ్‌లు తీసేసింది. సిస్టంకు గుండెకాయలాంటి కెర్నళ్ళలో వాడకంలో లేని పాతవి తీసేసింది. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా ఎంత ఖాళీ వచ్చిందో చూసుకుంది. వస్తోంది, కానీ ఎంత? దాహంతో చస్తున్నవాడి నోట్లో చుక్క పోసినట్టు. పొద్దుట్నుంచి చదివిన గొంతుకు ఇంకో కాపీ పట్టాలంటే అది ఏ మూలకూ చాలదు.

అన్నయ్య ఇవతలి గదిలోకి వచ్చి వెనక నిలబడ్డాడు. ఆమె తిరిగి చూసి నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉందో ఏమో, ఆయన కనుబొమలు ముడిచాడు.

అసలు ఇంత చోటు తింటున్నదేమిటా అని పెద్ద పెద్ద ఫైళ్ళు వెతికింది. తాత్కాలికాల ఫోల్డరులో ఒక్కటే కొండలా కూర్చుని ఉంది. పేరు చూస్తే పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు పిచ్చి అక్షరాలు. "నువ్వా!" అనుకుంది సౌండమ్మ. ఆ ప్రోగ్రాము ఎప్పుడైనా మధ్యలో చచ్చిపోతే ఇలాంటి చెత్తే వదిలిపోతుంది. ఖాళీగా ఉన్న రోజుల్లో, ప్రోగ్రాము మూసేసి, అలాంటివి ఏరి తుడిచెయ్యడం ఆమెకు గది ఊడవడం లాంటి పని. చేతికి అలవాటైపోయింది. ఆ చెయ్యే ఇప్పుడూ ముందుకు వెళ్ళింది. తుడిచెయ్యమని టైపు చేసి ఎంటరు కొట్టింది.

ఫైలు పోయింది. హమ్మయ్య అని ఖాళీ ఎంత వచ్చిందో చూసింది.

ఏమీ రాలేదు. ఆవగింజంత కూడా రాలేదు. డిస్కు ఇందాక ఎంత నిండి ఉందో ఇప్పుడూ అంతే నిండి ఉంది.

ఇదేం విడ్డూరమని మళ్ళీ చూసింది. అదే మాట. అప్పుడు వెలిగింది ఆమెకు. తను తుడిచింది పాత చెత్త కాదు. ప్రోగ్రాము ఇంకా తెరిచే ఉంది. ఆ పిచ్చి పేరున్న కొండే ఇవాళ్టి గొంతు. పొద్దుట్నుంచి, నీళ్ళు తాగుతూ, దగ్గుతూ, మొండికేసి చదివిన అన్నయ్య గొంతు. దాన్ని తన చేత్తో తానే తుడిచిపారేసింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. అరచేతులు చెమటతో తడిసి కీబోర్డు మీద జారుతున్నాయి. ఇలా తుడిచినవి కంప్యూటరు చెత్తబుట్టలో కూడా ఉండవు, అక్కడికి పోయి ఏరుకోవడానికి లేదు. "ఓరి దేవుడా, ఏం చేశాన్రా నేను" అనుకుంది లోపల్లోపల. పైకి అనడానికి వెనక మనిషి నిలబడి ఉన్నాడు. మళ్ళీ చదవమనడానికి ఆయన దగ్గర గొంతు లేదు. రేపటి తర్వాత ఎప్పటికీ ఉండదు.

ఫోను తీసుకుని వరండాలోకి పరిగెత్తింది. మరిదికి చేసింది.

"ఒక్కసారి రీస్టార్ట్ కొట్టు వదినా. అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాడు వాడు, ఇంకేదో నములుతూ. వాడు ఏ రోగానికైనా చెప్పే మందు అదొక్కటే. పెళ్ళాం అలిగినా వాడు రీస్టార్టే కొట్టమంటాడని ఇంట్లో నవ్వుకుంటారు.

"తుడిచేశాన్రా. చోటు మాత్రం రాలేదు."

"తుడిచాక కూడా రాలేదంటే ప్రోగ్రాము దాన్ని పట్టుకుని వదల్లేదన్నమాట. అందుకే చెబుతున్నా, రీస్టార్ట్ కొట్టు, చచ్చినట్టు వదులుతుంది."

"ఏమన్నావ్?"

"వదులుతుంది అన్నా."

"అది కాదు, ముందన్నది."

"పట్టుకునుంది అన్నా. ఏమైంది వదినా?"

ఆమె ఫోను కట్ చేసింది. పట్టుకునుంది! ఎప్పుడో నేర్చుకుని మరిచిపోయిన ముక్క. ఈ కంప్యూటరును నడిపించే లినక్సులో ఫైలు తుడవడమంటే తలుపు మీది పేరుపలక పీకెయ్యడమే. లోపల ఇంకా ఎవరైనా కూర్చుని ఉంటే, వాళ్ళు లేచి వెళ్ళేదాకా గది ఖాళీ కాదు. చోటు రాలేదంటే గొంతు ఇంకా అక్కడే ఉంది. ఆ ప్రోగ్రాము బతికున్నంతసేపూ ఉంటుంది. మూసినా, రీస్టార్ట్ కొట్టినా, కరెంటు పోయినా...

కరెంటు అనుకోగానే గదిలోకి ఉరికింది.

వదిన సంచి భుజాన వేసుకుని ఉంది. కింద కారు హారను కొడుతోంది. ఏ గదిలోంచి బయటికి వెళ్ళినా స్విచ్చులన్నీ వరసగా ఆపేసి వెళ్ళే మనిషి వదిన. ఆమె చెయ్యి అప్పటికే స్విచ్చుబోర్డు మీద ఉంది. లైటు ఆపింది, ఫ్యాను ఆపింది, వేలు మూడోదాని మీదికి, కంప్యూటరు స్విచ్చు మీదికి వెళుతోంది.

"ముట్టుకోకు!"

మేడంతా దద్దరిల్లింది. పుట్టి బుద్ధెరిగాక వదిన మీద గొంతెత్తి ఎరగదు సౌండమ్మ. వదిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అన్నయ్య గుడ్లప్పగించి చూశాడు.

"ముట్టుకోకు వదినా, నీకు దణ్ణం పెడతా. అది ఆగితే అన్నయ్య గొంతు పోతుంది. నేనే... నేనే తుడిచేశాను వదినా. చూసుకోకుండా తుడిచేశాను. ఇప్పుడది ఎక్కడా లేదు, ఆ తెర మీద కనిపించే ప్రోగ్రాము చేతిలో తప్ప." అంటూనే ఏడ్చేసింది. ఏడుస్తూనే కుర్చీలో కూలబడి, ఏడుస్తూనే టైపు చేస్తోంది.

వదిన సంచి కింద పెట్టింది. వెళ్ళి స్విచ్చుబోర్డుకు వీపు ఆనించి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. కారు డ్రైవరు మెట్లెక్కి వచ్చి "వెళ్దామా అమ్మా?" అంటే, "నువ్వు అక్కడే ఆగు బాబూ, లోపలికి రాకు" అంది. వాడు కాదు, పోలీసులు వచ్చినా ఆ బోర్డు దగ్గరికి రానిచ్చేట్టు లేదు.

నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ ఏయే ఫైళ్ళు పట్టుకుని ఉందో సిస్టం ఒక చోట చూపిస్తుంది. సౌండమ్మ అక్కడికి వెళ్ళింది. వరసలు వరసలుగా కనిపించాయి. కళ్ళు తుడుచుకుని ఒక్కొక్కటే చదివింది. ఒకదాని పక్కన "తొలగించబడింది" అని ఉంది. పిల్లి నడిచిన పేరు అదే. దాన్ని పెద్ద పార్టిషన్‌లోకి కాపీ చెయ్యమని టైపు చేసింది. ఎంటరు కొట్టే ముందు ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఇందాకటి చెయ్యి మీద ఆమెకు నమ్మకం పోయింది.

కొట్టింది. నల్ల కిటికీలో ఏమీ కదల్లేదు. కాపీ అవుతోందో, చచ్చిందో చెప్పే నాథుడు లేడు. అన్నయ్య ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. చాలాసేపటికి కిటికీలో కొత్త వరస వచ్చింది, అయిపోయిందన్నట్టు.

తెరిచింది. స్పీకర్లలోంచి చెవులు తూట్లు పడేలా బరబరమని రొద వచ్చింది. "అయ్యో" అంది వదిన గోడ దగ్గర్నుంచి. అది ముడి శబ్దం, ఏ వేగంతో, ఎన్ని మైకులుగా చదవాలో మనమే చెప్పాలి. లెక్కలు మార్చింది. ఈసారి చిట్టెలుక కీచుమన్నట్టు, "ఎర్ర చొక్కా వేసుకున్న పెద్దమనిషి" పరుగో పరుగు. అన్నయ్య నవ్వాడు, భుజాలు ఎగిరిపడేట్టు, చప్పుడు లేకుండా. ఇంకోసారి మార్చింది.

"...గొడుగు మర్చిపోయాడు."

ఆ గొంతే. బొంగురుగా, గంభీరంగా, బస్టాండు నాలుగు మూలలా వినపడేట్టు. సౌండమ్మ బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వదిన స్విచ్చుబోర్డు వదలకుండానే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"చివరిదాకా ఉందా, చూడు" అంది వదిన.

చివరికి వెళ్ళింది సౌండమ్మ. ఆఖరి పేజీ. దాంట్లో ఉన్నవి పేర్లు. ఫోను ఇంట్లోవాళ్ళను సరిగ్గా పిలవాలంటే ఎవరి పేరు వాళ్ళది ఆయన నోటితో పలికి ఉండాలి. జీరగొంతులో చెల్లెలి పేరు వచ్చింది. పెద్దకూతురి పేరు వచ్చింది. చిన్నకూతురి పేరు సగం గాలి, సగం మాటగా వచ్చింది. ఆ తర్వాత టక్కున ఆగిపోయింది. డిస్కు నిండింది అక్కడే.

ఇంకొక్క పేరుంది కాగితం మీద. పెళ్ళయిన నాటి నుంచి అన్నయ్య ఆ పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏమోయ్", "ఇదిగో", "వింటున్నావా", అంతే. ఆఖరి పేజీ చదివి తీరతానని మొండికేసింది ఆ ఒక్క పేరు కోసమే. ఆ పేరుగల మనిషి అప్పుడు కింద బెల్లు కొడుతోంది. ఆమెకు తలుపు తియ్యడానికి సౌండమ్మ హెడ్‌ఫోన్లు తీసేసి వెళ్ళింది. ఆయన పలికాడు, గదిలో ఎవరూ లేరు. కంప్యూటరులో చోటు లేదు.

"నాది లేదా?" అంది వదిన. మామూలుగానే అంది. "పోనీలే. మిగతాదంతా ఉందిగా. ఆయన ఎప్పుడు పిలిచారని!"

అన్నయ్య గబగబా మైకు గదిలోకి నడిచాడు.

సౌండమ్మ మూసెయ్యి బటన్ నొక్కింది. ప్రోగ్రాము తన చేతిలోది వదిలేసింది. డిస్కులో చోటే చోటు, ఇప్పుడు నెలరోజులు మాట్లాడినా పడుతుంది. మళ్ళీ తెరిచింది, రికార్డు నొక్కింది. వదిన కూడా ఆయన వెనకే వెళ్ళి, ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుంది.

అన్నయ్య నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి, మొహం ఎర్రబడింది. తెర మీద శబ్దాన్ని కొలిచే మీటరు కదల్లేదు. సౌండమ్మ శబ్దం పెంచే మీటను చివరంటా తిప్పింది. కుర్చీ కిర్రుమన్నది వినిపించింది, వదిన గాజులు వినిపించాయి, ఆయన వినిపించలేదు. ఆయన మళ్ళీ ఊపిరి తీసుకున్నాడు. బస్టాండు అంతటికీ చెప్పబోతున్నట్టు నిటారుగా కూర్చుని, వదిన కళ్ళల్లోకి చూస్తూ, పెదాలతో ఒక్కొక్క అక్షరమే పలికాడు. మీటరు చచ్చినట్టు పడి ఉంది.

"ఆఁ" అంది వదిన. "ఇక్కడే ఉన్నానండీ."

ఆ మాటకు మీటరు ఎగిరింది. సౌండమ్మ సేవ్ కొట్టింది.